డివాస్టేటర్ మోసిన నింద

1942 జూన్ 4 ఉదయం మిడ్‌వే దీవి దగ్గర మూడు అమెరికా విమానవాహక నౌకల నుంచి 41 డగ్లస్ డివాస్టేటర్ టార్పెడో విమానాలు గాల్లోకి లేచాయి. తిరిగొచ్చినవి పట్టుమని పది కూడా లేవు. వేసిన టార్పెడోల్లో ఒక్కటీ జపాన్ నౌకలకు తగల్లేదు. ఆ ఒక్క పూటతో ఈ విమానం పేరు చెడింది. కాలం చెల్లిన విమానంలో కుర్రాళ్లను చావుకు పంపారన్న మాట నిలిచిపోయింది. అందులో సగమే నిజమని నా నమ్మకం. ఆ మిగతా సగం విమానం పొట్ట కింద వేలాడిన టార్పెడోలోనూ, దాన్ని యుద్ధానికి పంపిన తీరులోనూ ఉంది.

డివాస్టేటర్ నమూనా 1935 ఏప్రిల్‌లో మొదటిసారి ఎగిరింది. 1937లో సారటోగా నౌక మీది దళానికి అందింది. అప్పటికి అది పాతది కాదు సరికదా, అందరికంటే ముందున్నది. ఒంటి రెక్కల వరస, పూర్తి లోహ నిర్మాణం, పైన మూత ఉన్న కాక్‌పిట్, హైడ్రాలిక్ శక్తితో మడుచుకునే రెక్కలు దానివి. అదే కాలంలో బ్రిటన్ నౌకాదళం రెండు వరసల రెక్కల స్వోర్డ్‌ఫిష్‌తో నెట్టుకొస్తోంది. నమూనాతో కలిపి మొత్తం 130 డివాస్టేటర్లే తయారయ్యాయి. గంటకు దాదాపు 330 కిలోమీటర్ల వేగం 1937లో మెచ్చుకోదగ్గది. అయితే తర్వాతి నాలుగైదేళ్లలోనే విమాన ఇంజన్ల శక్తి ఎక్కడికో వెళ్లిపోయింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగేనాటికి దీని స్థానంలోకి రావలసిన అవెంజర్ ఇంకా దళాలకు చేరలేదు. మిగిలిన వంద డివాస్టేటర్లతోనే యుద్ధంలోకి దిగాల్సి వచ్చింది.

తొలి నెలల్లో అది చేసిన పనిని మిడ్‌వే కథ చెప్పేవాళ్లు దాటేస్తారు. 1942 ఫిబ్రవరి 1న మార్షల్ దీవుల మీద బాంబులు వేసింది. మార్చి 10న న్యూగినీలోని లే, సలమావా రేవుల మీదికి వెళ్లిన దాడి మరీ కష్టమైనది. ఓవెన్ స్టాన్లీ పర్వతాలు దాటితేగానీ ఆ రేవులు కనబడవు. లెక్సింగ్టన్ నౌక విమానాలు టార్పెడో బరువుతో కనుమ ఎత్తుకు చేరలేక మొరాయించాయి. దళనాయకుడు జేమ్స్ బ్రెట్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. ఎండ బాగా తగిలిన నేల మీద వేడిగాలి పైకి లేస్తుందని ఆయనకు తెలుసు. అలాంటి చోటు చూసుకుని చుట్లు తిరుగుతూ, ఆ గాలి ఊతంతో దళాన్ని కొండ దాటించాడు.

మే 7న పగడాల సముద్రంలో షోహో అనే జపాన్ తేలికపాటి విమానవాహక నౌక ఎదురైంది. ఆ రోజు డివాస్టేటర్లకు తోడుగా ఫైటర్లు ఉన్నాయి. పైనుంచి డైవ్ బాంబర్లు దిగుతుండగానే కింద నుంచి ఇవి వెళ్లాయి. షోహోకు ఏడు టార్పెడోలు తగిలినట్టు లెక్క. నౌక మునిగింది, ఒక్క డివాస్టేటరూ నేలకూలలేదు. మర్నాడే షోకాకు అనే పెద్ద నౌక మీద దాడిలో ఒక్క టార్పెడో కూడా తగల్లేదు. ఆ నౌకను గాయపరచింది బాంబులే.

ఇక్కడ డివాస్టేటర్ మోసిన మార్క్ 13 టార్పెడో సంగతి వివరంగా చెప్పాలి. అది నీళ్లలో పడి చెడిపోకుండా ఉండాలంటే పైలట్ 30 మీటర్ల ఎత్తుకు దిగాలి, వేగాన్ని గంటకు 200 కిలోమీటర్లకు తగ్గించాలి, అలా తిన్నగా పోతూ వదలాలి. నీళ్లలో దాని వేగం దాదాపు 33 నాట్లు. జపాన్ నౌక సోర్యూ వేగం 34 నాట్లు. అంటే పరుగెత్తే సోర్యూను వెనక నుంచి కొట్టడం అసాధ్యం. ముందుకు చుట్టి రావాలి. నౌక తోక తిప్పుకుని పారిపోతుంటే ఆ చుట్టి రావడానికి చాలా నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలన్నీ జపాన్ జీరో ఫైటర్ల తుపాకుల ముందే గడవాలి. ఇంత కష్టపడి వదిలినా చాలా టార్పెడోలు దారి తప్పేవి, మునిగిపోయేవి, పేలేవి కావు. డబ్బు దండగని పరీక్షలు సరిగా చేయకపోవడమే ఇందుకు ముఖ్యకారణం. జపాన్ వారి నకజిమా బి5ఎన్ తన టార్పెడోను ఇంకా వేగంగా, ఇంకా ఎత్తు నుంచి వదలగలిగేది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌక నుంచి లేచి మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి కూడా ఆ రకం విమానాలే.

ఇక మిడ్‌వే. హార్నెట్ నౌక దళనాయకుడు జాన్ వాల్‌డ్రన్, తన పై అధికారి చూపిన దారి తప్పని వాదించి, 15 విమానాలతో విడిపోయి సొంత దారి పట్టాడు. ఆయన లెక్కే సరైంది. శత్రునౌకలు ఆయనకే దొరికాయి, పై అధికారి వెంట వెళ్లినవారికి దొరకలేదు. తోడుగా ఒక్క ఫైటర్ లేదు. పదిహేనూ కూలిపోయాయి. 30 మందిలో బతికినవాడు జార్జ్ గే ఒక్కడే. నీళ్లలో తేలుతూ, సీటు మెత్తను అడ్డం పెట్టుకుని జపాన్ వారి కంటపడకుండా దాక్కున్నాడు. ఎంటర్‌ప్రైజ్ దళనాయకుడు యూజీన్ లిండ్సే వారం క్రితమే విమాన ప్రమాదంలో గాయపడ్డాడు. మంచం మీద ఉండాల్సిన మనిషి దళాన్ని వదలనని వచ్చి అక్కడే ప్రాణం విడిచాడు. ఆయన దళంలోని 14 విమానాల్లో తిరిగి వెళ్లినవి నాలుగే. యార్క్‌టౌన్ నుంచి లాన్స్ మాసీ తెచ్చిన 12 విమానాలకు మాత్రం జిమ్మీ థాచ్ నాయకత్వాన ఆరు ఫైటర్లు తోడున్నాయి. అవి తమను తాము కాపాడుకోవడానికే సరిపోయాయి. మాసీ కూడా చనిపోయాడు.

ఉదయం 10.20 దాటాక డైవ్ బాంబర్లు అకాగి, కాగా, సోర్యూ నౌకలను నిమిషాల్లో తగలబెట్టాయి. టార్పెడో విమానాలు జీరోలను కిందికి లాగడం వల్లే ఇది సాధ్యమైందని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ వాల్‌డ్రన్ దాడికీ ఈ బాంబులకూ మధ్య గంట తేడా ఉంది. జీరోలు మళ్లీ పైకెక్కడానికి అంత సమయం అక్కర్లేదు. 2005లో వచ్చిన పార్షల్, టలీల పుస్తకం ఈ సంగతిని జపాన్ రికార్డులతో సరిచూసింది. వరస దాడులు తప్పించుకోవడానికి నౌకలు మెలికలు తిరుగుతూ ఉండిపోయాయి, డెక్ మీద ఎదురుదాడికి విమానాలను వరస పెట్టే తీరిక దొరకలేదు. ఆ త్యాగం సాధించింది అది. మాసీ దళమే చివరి నిమిషాల్లో జీరోలను తనవైపు తిప్పుకుంది.

తప్పంతా విమానానిదే అనేవారు ఒక సంగతి చూడాలి. అదే ఉదయం మిడ్‌వే దీవి నుంచి ఆరు సరికొత్త అవెంజర్లు, అవీ ఫైటర్ల తోడు లేకుండా, అదే మార్క్ 13తో వెళ్లాయి. అయిదు కూలిపోయాయి. వాటి టార్పెడో ఒక్కటీ తగల్లేదు. వేగం ఎక్కువున్న కొత్త విమానం కూడా ఆ పరిస్థితిలో గట్టెక్కలేకపోయింది. షోహో దగ్గర ఫైటర్లు, డైవ్ బాంబర్లు కలిసి రావడంతో పాత విమానమే పని పూర్తిచేసింది.

మిడ్‌వే తర్వాత డివాస్టేటర్‌ను ముందువరస నుంచి తప్పించారు. ఏడాది రెండేళ్లు శిక్షణకు వాడి, 1944 కల్లా మిగిలినవన్నీ తుక్కు చేశారు. టార్పెడోను మాత్రం పట్టుబట్టి బాగుచేశారు. ముక్కుకూ తోకకూ కవచాలు తొడిగాక మార్క్ 13ను ఎక్కువ ఎత్తు నుంచి, ఎక్కువ వేగంతో వదలడం సాధ్యమైంది. 1945 ఏప్రిల్ 7న జపాన్ మహా యుద్ధనౌక యమాటోను ముంచినవి అవెంజర్లు వేసిన ఆ మార్క్ 13లే.