పాత ల్యాప్‌టాప్‌లో వైఫై రాలేదా? పారేసే ముందు ‘కెర్నల్ కాన్ఫిగ్’ గురించి తెలుసుకోండి

మందమర్రి: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 లాంటి హార్డ్‌వేర్ ఉండాలి. చాలా ఇళ్లలోని పాత ల్యాప్‌టాప్‌లలో అది లేదు. పిల్లల చదువు కోసం వెంటనే కొత్తది కొనలేని కుటుంబాలకు ఉచితంగా దొరికే లినక్స్ ఒక దారి. కానీ లినక్స్ వేశాక ఒక్కోసారి వైఫై రాదు, పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. ‘కార్డు పోయింది, మార్చాలి’ అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది. దాన్ని నడిపించే భాగం ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో తయారు కాకపోయి ఉండవచ్చు. ఏ భాగం తయారవ్వాలి, ఏది వద్దు అని నిర్ణయించేవే కెర్నల్ కాన్ఫిగరేషన్ ఆప్షన్లు.

కెర్నల్ అంటే ఏమిటి?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నింటికంటే లోపల ఉండే ప్రోగ్రామే కెర్నల్. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు, వైఫై అన్నీ దాని అదుపులోనే ఉంటాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ నేడు సర్వర్ల నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల దాకా నడుస్తోంది. ఇన్ని రకాల యంత్రాలకు ఒకే సోర్స్ కోడ్ వాడుతున్నారు. అందుకే అందులో అన్నీ ఉంటాయి, కానీ అన్నీ అందరికీ అక్కర్లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌కు పెద్ద డేటా సెంటర్ నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లతో పని లేదు. అందుకే వేల సంఖ్యలో ఆప్షన్లు పెట్టారు. వాటిని రాసే పద్ధతికి ‘కేకాన్ఫిగ్’ అని పేరు. ఇది 2002లో కెర్నల్‌లో చేరింది.

వై, ఎమ్, ఎన్: మూడు జవాబులు

చాలా ఆప్షన్లకు మూడు జవాబులుంటాయి. ‘వై’ అంటే ఆ భాగం కెర్నల్ ఫైల్‌లోనే కలిసిపోతుంది, మెషీన్ ఆన్ కాగానే సిద్ధంగా ఉంటుంది. ‘ఎమ్’ అంటే విడిగా మాడ్యూల్‌గా తయారై డిస్క్‌లో ఉంటుంది, అవసరమైనప్పుడు లోడ్ అవుతుంది. ‘ఎన్’ అంటే అసలు తయారు కాదు. కొన్ని ఆప్షన్లకు మాత్రం వై, ఎన్ రెండే ఉంటాయి.

సింగరేణి గనులు తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. క్యాప్ ల్యాంపు లేకుండా కార్మికుడు గనిలోకి దిగడు. అది ‘వై’. రెస్క్యూ టీం సామాన్లు పైన సిద్ధంగా ఉంటాయి, అవసరమైతేనే కిందికి దించుతారు. అది ‘ఎమ్’. అసలు కొననే లేని సామాను ‘ఎన్’. ఎంత వెతికినా అది దొరకదు.

ఆప్షన్లు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి కూడా. యూఎస్‌బీ సపోర్ట్‌కే ‘ఎన్’ పెడితే యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఆప్షన్ మెనూలోనే కనిపించదు. ఇష్టమైనవి ఎంచుకోవడానికి ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అనే కమాండ్ ఉంది. జవాబులన్నీ ‘డాట్ కాన్ఫిగ్’ అనే ఒక ఫైల్‌లో సేవ్ అవుతాయి. కెర్నల్ తయారయ్యేటప్పుడు బిల్డ్ సిస్టమ్ ఈ ఫైల్ చూసి ఏ కోడ్ కంపైల్ చేయాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటుంది.

ఈ జవాబులు ఎవరు ఇస్తారు?

మామూలుగా మనం కాదు. డెబియన్, ఉబుంటు, సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ లాంటి డిస్ట్రిబ్యూషన్ల వాళ్లు ముందే జవాబులిచ్చి, తయారైన కెర్నల్‌ను మనకు ఇస్తారు. రకరకాల మెషీన్లలో నడవాలి కాబట్టి ఎక్కువ డ్రైవర్లకు ‘ఎమ్’ పెడతారు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఒక ఉమ్మడి కెర్నల్ ఇస్తుంది. ఆండ్రాయిడ్ 12తో 5.10 కెర్నల్ మీద వచ్చిన ఫోన్ల నుంచి ఇది నియమం. ఫోన్ కంపెనీ తన డ్రైవర్లను మాడ్యూళ్లుగా జోడిస్తుంది.

వాళ్ల నిర్ణయం మన ఇంటిదాకా వస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో పాత 32-బిట్ పీసీలకు అధికారిక కెర్నల్, ఇన్‌స్టాలర్ రెండూ ఇవ్వడం ఆపేశారు. అప్పటికి లినక్స్ సోర్స్ కోడ్‌లో 32-బిట్ సపోర్ట్ ఉంది. డెబియన్ వాళ్లు దాన్ని తయారుచేయడం మానేశారు, అంతే. అంటే కంప్యూటర్ చెడిపోయినట్టు కాదు, దానికి సరిపడే కెర్నల్ వేరేచోట వెతకాలి.

ఉర్దూ, తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే

ఉర్దూలో పేరు పెట్టిన నికానామా స్కాన్, తెలుగులో పేరు పెట్టిన పెళ్లి ఫొటోల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయనుకుందాం. పాత ‘ఫ్యాట్’ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అయితే లినక్స్‌లో ఆ పేర్లు ఒక్కోసారి వరుసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి, ఫైలు తెరుచుకోకపోవచ్చు కూడా. కారణం ఒక కాన్ఫిగ్ ఆప్షనే. ఫ్యాట్‌కు కెర్నల్ ఇచ్చే డీఫాల్ట్ అక్షర పట్టిక పశ్చిమ యూరప్ భాషలది. యూటీఎఫ్-8ను డీఫాల్ట్ చేసే ఆప్షన్ వేరే ఉంది, దానికి మామూలు జవాబు ‘ఎన్’. 2020లో కెర్నల్ 5.7తో వచ్చిన కొత్త ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్‌కు మాత్రం యూటీఎఫ్-8 డీఫాల్టే.

నేటి డెస్క్‌టాప్‌లు పెన్‌డ్రైవ్ పెట్టగానే యూటీఎఫ్-8ను తామే అడుగుతాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. చేత్తో మౌంట్ చేసినప్పుడు ఎక్కువగా వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో అసలు పేర్లు భద్రంగానే ఉంటాయి. ‘పాడైపోయింది’ అనుకుని ఫార్మాట్ చేస్తేనే నష్టం. యూటీఎఫ్-8 ఆప్షన్‌తో మళ్లీ మౌంట్ చేయాలి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

లినక్స్‌లో ‘బూట్’ అనే ఫోల్డర్ తెరిస్తే ‘కాన్ఫిగ్’తో మొదలయ్యే ఫైల్ చాలా డిస్ట్రిబ్యూషన్లలో కనిపిస్తుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలే. అందులో మీ డ్రైవర్ పేరు వెతకండి.

‘ఈజ్ నాట్ సెట్’ అని ఉంటే ఆ భాగం తయారే కాలేదు. వేరే కెర్నల్ గానీ, వేరే డిస్ట్రిబ్యూషన్ గానీ చూడాలి.

ఎదురుగా ‘ఎమ్’ ఉంటే మాడ్యూల్ ఉంది. అది లోడ్ అయిందో లేదో ‘ఎల్ఎస్‌మాడ్’ కమాండ్ చూపిస్తుంది.

డ్రైవర్ లోడ్ అయినా వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోయి ఉండవచ్చు. ఇది కాన్ఫిగ్ తప్పు కాదు, ఆ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పనిచేయకపోతే అప్పుడు కార్డును అనుమానించాలి.

సొంతంగా కెర్నల్ తయారుచేసే విద్యార్థులకు

బీటెక్, డిప్లొమా పిల్లలకు ఇది మంచి అభ్యాసం. ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే పద్ధతి ఆ సమయంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. కంపైల్ త్వరగా అయిపోతుంది. అయితే ముందుగా పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ హెడ్‌ఫోన్ లాంటి వాడే వస్తువులన్నీ తగిలించి ఉంచాలి. లేదంటే వాటి డ్రైవర్లు ఎగిరిపోతాయి.

డిస్క్ డ్రైవర్‌కు, ఫైల్ సిస్టమ్‌కు ‘ఎన్’ పెడితే మెషీన్ బూట్ కాదు. ‘ఎమ్’ పెడితే వాటిని మొదట్లోనే అందించే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తప్పనిసరి. అక్కర్లేని ఆప్షన్లు తీసేస్తే కెర్నల్ చిన్నదవుతుంది, దాడికి దారులు కూడా తగ్గుతాయి. కానీ కొత్త కెర్నల్ సరిగ్గా బూట్ అయ్యేదాకా పాతదాన్ని తొలగించకూడదు. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని మళ్లీ లోపలికి రావచ్చు.