చక్రాల యింటి శునకము

ఇల్లు విడిచి పోవుటయే ప్రయాణమని లోకమెల్ల నెంచుచుండగా, ఇంటినే వెంటగొని పోవలెనను కోరిక పందొమ్మిదవ శతాబ్దము చివరి పాదమున ఇంగ్లండు దేశములోని యొక వైద్యునకు కలిగెను. రోమానీ సంచారులును, ఊరూర తిరిగి వినోదములు చూపువారును అంతకు చాల మునుపే బండ్లలో కాపురములు సేయుచుండిరి గాని, వారికది బ్రతుకుతెరువు. కేవలము విహారార్థము సకల సౌకర్యములతో కూడిన బండిని పనిగట్టి చేయించుకొని దేశము చూడ బయలుదేరినవారిలో ప్రథమగణ్యుడు విలియం గోర్డన్ స్టేబుల్స్. నౌకాదళమున శస్త్రవైద్యుడుగా పనిచేసి, ఆ కొలువు చాలించిన పిమ్మట బాలురకు సాహసకథలు వ్రాయుచు, శునకములను గూర్చి గ్రంథములు సైతము రచించిన యీయన, 1885లో బ్రిస్టల్ నగరపు బండ్ల కర్మాగారమున 'వాండరర్' అను పేర నొక వాహనమును సిద్ధము చేయించెను. ఆ బండి మొదలు నేటి మోటారు ఇంటి వరకు గల చరిత్రను వ్రాయువారు ఇరుసులను, ఇంజనులను, మడత మంచములను విపులముగా వర్ణింతురు. కాని ఆ చరిత్ర తొలిపుటనుండియు నందులో నొక కుక్క కూర్చుండి యున్నదన్న సంగతిని తగినంతగా పాటింపరు. ఆ కుక్క తెచ్చిపెట్టిన చిక్కులను విడిచి వ్రాసినచో ఆ చరిత్ర సగమే యగునని నా దృఢవిశ్వాసము.

వాండరర్ మహోగనీ కలపతో చేసిన బండి. లోపలి గోడలకు మేపుల్ పలకలు తాపిరి. కార్న్‌ఫ్లవర్, పీబ్లాసమ్ అను రెండు గుఱ్ఱములు దానిని లాగుచుండగా, సారథి పగ్గములు పట్టి నడుపుచుండగా, సేవకుడొకడు మూడు చక్రముల సైకిలుపై ముందుగా పోవుచు ఎదురుబండ్లవారిని హెచ్చరించుచుండెను. లోపల స్టేబుల్స్‌తోపాటు పాలీ యను కాకటూ పక్షియు, హరికేన్ బాబ్ అను న్యూఫౌండ్లాండ్ జాతి శునకమును ఉండెడివి. ఆ జాతి కుక్క దూడయంత యుండును. నీటిలో ఈదుటకే పుట్టినదన్నట్లు దట్టమైన బొచ్చు కలిగియుండును. అట్టి జంతువు ఏ వాగులోనో మునిగివచ్చి, మేపుల్ పలకల నడుమ నిలిచి, ఒక్కసారి ఒడలు విదిల్చినచో ఆ చిన్నగదిలో పొడిగా మిగులు వస్తువేదియు నుండదు. ఇన్ని ప్రాణులతో ట్వైఫర్డ్ గ్రామమునుండి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ వరకు సాగిన పదుమూడువందల మైళ్ల యాత్రను స్టేబుల్స్ మరుసటి యేట గ్రంథరూపమున ప్రకటించెను. కుక్కను ఇంటివద్ద విడిచి వచ్చియుండవలసినదన్న తలపు ఆయన కెన్నడును కలిగినట్లు కానరాదు. 1907లో ఇంగ్లండున కారవాన్ క్లబ్బు స్థాపింపబడినపుడు, ఆయనను దానికి ఉపాధ్యక్షునిగా గౌరవించిరి.

గుఱ్ఱముల స్థానమున యంత్రము ప్రవేశించినపుడును శునకము తన చోటు విడువలేదు. 1903 మే 23న హొరేషియో నెల్సన్ జాక్సన్ అను మరియొక వైద్యుడు, సూయల్ క్రాకర్ అను యంత్రనిపుణుని వెంటనిడుకొని, శాన్‌ఫ్రాన్సిస్కోనుండి న్యూయార్కునకు మోటారుకారులో బయలుదేరెను. అమెరికా ఖండమును కారులో దాటుట అసాధ్యమని ఒక క్లబ్బులో కొందరు వాదింపగా, ఆయన యాబది డాలరుల పందెము కాసెను. ఇరువది అశ్వశక్తుల ఆ వింటన్ కారునకు పైకప్పు లేదు, ముందు అద్దము లేదు. కాని పడక సంచులు, కంబళ్లు, గొడ్డలి, పార, నీటికుప్పెలు, పనిముట్లు నిండియుండుటచే అది గోడలు లేని యిల్లువలె నుండెను. జాక్సన్‌కు దారిలో నొక కుక్క తోడు కావలెనని కోరిక. ఐడహో రాష్ట్రమున కాల్డ్‌వెల్ దాటిన పిమ్మట, మరచివచ్చిన కోటుకొరకు కారును వెనుకకు త్రిప్పుకొని పోవుచుండగా నొక మనుష్యుడు బుల్‌డాగ్ నొకదానిని చూపెను. పదునైదు డాలరులిచ్చి దానిని కొంటినని జాక్సన్ భార్యకు వ్రాసెను. కాని పత్రికలవారు తలకొక కథ కల్పించి, కుక్కను దొంగిలించినట్లు సైతము ప్రకటించిరి. దాని పేరు బడ్.

బడ్ ఎక్కిన నాటినుండి కారున కష్టములకు కొదువ లేదు. చవిటినేలల తెల్లని దుమ్ము అడ్డులేక మొగమున కొట్టుచుండగా దాని కన్నులు ఎఱ్ఱబారి నీరుకార దొడగెను. జాక్సన్ తాము ధరించునట్టి దుమ్ముకళ్లద్దములనే దానికిని తగిలించెను. ఒకచోట చెడునీరు త్రాగి అది జబ్బుపడి, ఎట్లో బ్రతికి బయటపడెను. గుంతలు వచ్చునప్పటికి ఒడలు బిగబట్టుకొనవలెనని అది క్రమముగా నేర్చుకొని, ముందున్న త్రోవను మనుష్యులతోపాటు తానును శ్రద్ధగా చూచుచుండెనట. ఆ మువ్వురిలో తిట్టు నోటరానిది బడ్ ఒక్కటే యని జాక్సన్ తరువాత మెచ్చుకొనెను. ఇట్లు అరువది మూడు దినములు ప్రయాణించి జులై 26న వారు న్యూయార్కు చేరునప్పటికి, కళ్లద్దముల కుక్కను చూచుటకు ఊళ్లకు ఊళ్లే త్రోవ ప్రక్కకు వచ్చుచుండెను. కుక్కతోక పట్టుకొని గోదావరి యీదుట వెఱ్ఱియని మన పెద్దలనిరి. జాక్సన్ కుక్కను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఖండమునే దాటెను.

తరువాత కదలెడి యిండ్లు త్వరత్వరగా పెరిగెను. 1910లో పియర్స్-ఆరో సంస్థ పడకయు, నీటితొట్టియు గల కారును ప్రదర్శించెను. 1919లో ఫ్లారిడాలోని టాంపాయందు, కార్లలో సంచరించువారు టిన్ కాన్ టూరిస్టులను పేర నొక సంఘముగా కూడిరి. కాని శునకముతోడి ప్రయాణమునకు సాహిత్యగౌరవము దక్కినది అమెరికా రచయిత జాన్ స్టయిన్‌బెక్ వలన. ఆయన 1960 సెప్టెంబరున, లాంగ్ ఐలండులోని తన యింటినుండి చార్లీ యను పూడిల్ జాతి ముసలి కుక్కతో బయలుదేరెను. జీఎంసీ ట్రక్కుమీద చిన్న గదిని అమర్చుకొని, దానికి డాన్ క్విక్సోట్ గుఱ్ఱము పేరైన రోసినాంటే యను నామము పెట్టెను. బట్టలుతుకుటకు ఆయన కనిపెట్టిన యుపాయము ముచ్చటైనది: మూతగల బకెట్టులో నీరు, సబ్బు, బట్టలు వేసి వ్రేలాడగట్టినచో, దారి కుదుపులే దినమెల్ల చాకలిపని చేయును. యాత్రనుగూర్చి 1962లో వెలువడిన పుస్తకమున కల్పన కొంత చేరినదని తరువాతి పరిశోధకులు చూపిరి. ఐనను అందు వర్ణింపబడిన చార్లీ చేష్టలు కుక్కలను పెంచినవారికెల్ల సుపరిచితములే.

నయాగరావద్ద కెనడా దేశమున ప్రవేశింపబోగా, అక్కడి యధికారి చార్లీకి పిచ్చికుక్కకాటు వ్యాధి రాకుండ టీకా వేసిన ధ్రువపత్రము కలదా యని యడిగెను. పత్రము లేదు. అది లేనిచో తిరిగి అమెరికాలోనికి రానీయరని చెప్పగా, రచయిత బండిని వెనుకకు మరల్చెను. మరలినంత మాత్రమున తనిఖీ తప్పలేదు, స్వదేశపు సుంకాధికారులు ఆయనను పరదేశమునుండి వచ్చినవానివలెనే ప్రశ్నించిరి. యెల్లోస్టోన్ వనద్వారమున ఎలుగుబంట్లున్నవని కావలివారు హెచ్చరింపగా, తన కుక్క పరమశాంతమూర్తియని ఆయన హామీయిచ్చెను. లోపల మైలైనను పోకమునుపే ఎలుగొకటి కనబడెను. పిల్లినైనను అదలించి యెరుగని చార్లీ రౌద్రాకారము దాల్చి, తలుపు చీల్చుకొని దూకబోవుచు, చెవులు చిల్లులు పడునట్లు అరవసాగెను. గత్యంతరములేక ఆయన వచ్చిన దారినే వెలుపలికి వచ్చెను. పడమటి తీరమున ఆకాశమంటు రెడ్‌వుడ్ వృక్షములను చూపి, ఏ కుక్కకును దక్కని మహాస్తంభము నీకు దక్కినదని ఆయన ఉవ్విళ్లూరగా, చార్లీ అది చెట్టని గుర్తింపనేలేదు; కుక్క ముక్కు కందెడి ఎత్తున ఆకు లేదు, కొమ్మ లేదు. అప్పుడు రచయిత యొక విల్లో కొమ్మను కోసి, మొన చెక్కి, మహావృక్షము మొదట నాటి కుక్కను పిలిచెను. చార్లీ ఆ ఆకులను వాసనచూచి, చుట్టు తిరిగి, తన విధిని నిర్వర్తించెను.

ఈ కథలన్నిటికిని మూలమొక్కటే. చక్రముల యింటిని కట్టించువాడు ఎక్కడికి పోయినను ఏమియు మారని సుఖమును కోరును. అవే గిన్నెలు, అదే దిండు, అదే దీపము. కాని కుక్కకు ప్రపంచము వాసనల మయము. ఇల్లు ఆగిన ప్రతిచోట దానికొక క్రొత్తదేశమే. క్రొత్త వాసన పలుకరించినచో అది తలుపువద్దకు పోకమానదు. ఈ యిండ్లలో కుక్కలతో తిరుగువారు నేటికిని చెప్పుకొను చిక్కులు ఇట్టివే: మలుపులో నీళ్లగిన్నె బోర్లపడి పరుపు తడియుట, యజమాని దిగగానే కుక్క డ్రైవరు సీటెక్కి హారను మ్రోగించుట, కిటికీకడ ఆత్రముతో గంతులిడుచు గొళ్లెపు మీటను పాదముతో నొక్కి యజమానిని బయటనే నిలుపుట. అనుభవజ్ఞులు బయలుదేరుటకు ముందే గిన్నె వంచి నీరు పారబోయుదురు; దిగునపుడు తాళము చేతబట్టుకొందురు.

ఆ చిక్కులవలన కలుగు లాభమో, మిక్కిలి పెద్దది. ఇంటిని వెంటగొనిపోవువానికి అన్యుల గడప త్రొక్కవలసిన యవసరమే కలుగదు. అన్నము, నిద్ర, నీడ యన్నియు తన యొద్దనే యున్నవి. అట్లు తలుపు మూసికొని ఖండమెల్ల తిరిగి ఒక్కనితోనైన మాటాడక మరలిరావచ్చును. స్టయిన్‌బెక్ ఈ యపాయము నెరిగియే, విడిది చేసినచోట చార్లీని ముందుగా పొరుగువారికడకు విడిచెడివాడు. పిమ్మట కుక్కను పిలుచుకొని పోవు మిషమీద వెళ్లి, క్షమింపుడని ప్రారంభించి, కాఫీకి ఆహ్వానించెడివాడు. జాక్సన్‌కు ఊరూర స్వాగతము కూర్చినది కారు ఎంతయో, కళ్లద్దముల బడ్డును అంతయే. వాషింగ్టనులోని స్మిత్సోనియన్ వస్తుశాలవారు ఆ కారుతోపాటు ఆ కుక్క కళ్లద్దములను సైతము భద్రపరచిరి. అది వేడుకకొరకు చేసిన పని కాదు, న్యాయమైన పని. కారు మనుష్యులను దేశము దాటించెను. దేశములోని జనులకడకు వారిని చేర్చినది కుక్క. కదలెడి యింటి చరిత్రను సమగ్రముగా వ్రాయబూనువాడెవడైనను యంత్రమునకెన్ని పుటలో శునకమునకును అన్ని పుటలు కేటాయింపవలసియే యున్నది.