పెద్దలు ఎరిగిన పాట

ఖతర్‌లో చమురు వెలువడక మునుపు ముత్యాల వేటయే ప్రధాన జీవనాధారం. నెలల తరబడి సముద్రంపై ఉండే పడవలలో ‘నహ్హామ్’ అనే గాయకుడు ఉండేవాడు. అతని పాటయే శ్రమకు ఊతం, ఇంటిబెంగకు ఊరట.

నేడు దోహాలోని మన ఇండ్లకు వచ్చిన వృద్ధ తల్లిదండ్రులకూ ఆ బెంగ ఉన్నది. మరి వారి పాట ఏది? 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆరంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన ‘భక్తిరంజని’ అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యల కీర్తనలను ఉదయవేళ ఇంటింటికీ చేర్చింది. ఆ రేడియో వింటూ పెరిగిన తరం వారిది.

యౌవనంలో విన్న పాట వార్ధక్యంలోనూ అంత సులభంగా చెదరదు. ఆప్తుల పేర్లు మరచినవారు సైతం పాత పాటకు గొంతు కలపడం కద్దు. అది మందుకు బదులు కాదు. కలతను తగ్గించే తోడు మాత్రమే.

అయితే ఒకరికి త్యాగరాజ కృతి, ఒకరికి బతుకమ్మ పాట, మరొకరికి ఘంటసాల గళం. ఆ వివరం ఆసుపత్రి చీటీలో ఉండదు. కనుక పిల్లలను మేము కోరేది ఒక్కటే: తాతయ్యకు, అమ్మమ్మకు జ్ఞాపకం ఉండగానే వారి పాటలను అడిగి, తెలుగులో వ్రాసి ఉంచండి, వారితో కలిసి పాడండి.