ఎపిజెనెటిక్స్: జన్యువు పైమాట

గ్రీకులో ‘ఎపి’ అంటే పైన. పిండం దశలవారీగా రూపు కడుతుందనే ‘ఎపిజెనెసిస్’ అన్న పాత మాట ఆధారంగా 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ ‘ఎపిజెనెటిక్స్’ అనే మాటను పుట్టించాడు. అప్పటికి డీఎన్ఏ నిర్మాణమే తెలియదు!

ఇప్పటి అర్థం వేరు: డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరు మారడం.

పసిఫిక్ ఆల్చిప్పనే చూడండి. ఒకసారి రాయికి అతుక్కుందంటే ఇక కదలదు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గినా, ఎండ మాడ్చినా అక్కడే ఓర్చుకోవాలి. దానిలో నిత్యం పనిచేసే జన్యువుల మీద మిథైల్ గుర్తులు (అక్షరాలను మార్చకుండా డీఎన్ఏకు అంటుకునే రసాయన ముద్రలు) దట్టంగా, ఒత్తిడిని ఎదుర్కొనే జన్యువుల మీద పలచగా ఉంటాయి. ఈ పలచదనమే అవసరానికి తగ్గట్టు మారే వెసులుబాటు ఇస్తుందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. ఆకర్షణీయమైన ఆలోచనే, కానీ ఇంకా రుజువు కావాలి.