హెల్మెట్ లోపలి లైటు ఎవరి కోసం?

 

ఈ రోజు టాపిక్ సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కనిపించే స్పేస్ హెల్మెట్. మీరు చూసే ఉంటారు. లోపల లైట్లు వెలుగుతుంటాయి, హీరో ముఖం తెల్లగానో నీలంగానో మెరుస్తుంటుంది. అలాంటి హెల్మెట్ ఒకటి నేను ఇంట్లో తయారుచేస్తున్నాను. బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడు ఇప్పుడు ఫోమ్ షీట్లు కోసి అతికిస్తుంటే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారో మీరే ఊహించుకోండి.

పక్కింటి పిల్లగాడు, ఇంటర్ చదువుతున్నాడు, వచ్చి చూసి ఒకటే ప్రశ్న అడిగిండు. "అన్నా, లైటు లోపల పెడితే బయట ఏం కనిపిస్తది?" ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకి జవాబే. ఆ జవాబు అంతరిక్షం దాకా వెళ్లి, తిరిగి మన నిజామాబాద్ జిల్లాకే వస్తుంది. చూడండి.

ముందు ఆ పిల్లగాడి అనుమానం కరెక్టా కాదా చూద్దాం. బాన్సువాడ నుంచి హైదరాబాద్‌కి రాత్రి బస్సు ఎక్కినవాళ్లకి ఇది తెలుసు. టికెట్లు కొట్టేటప్పుడు లోపల లైట్లన్నీ వేస్తారు. అప్పుడు డ్రైవర్ ముందు అద్దంలో రోడ్డు కాదు, మన ముఖాలే కనిపిస్తాయి. అందుకే ఆయన వెనక్కి తిరిగి "లైట్ బంద్ చెయ్" అంటాడు. హెల్మెట్ అద్దం కూడా అంతే. బయట చీకటి ఉండి లోపల వెలుగు ఉంటే, తొడుక్కున్నవాడికి కనిపించేది తన ముక్కే.

మరి నిజమైన వ్యోమగాముల హెల్మెట్ ఎలా ఉంటుంది? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. అంటే దాదాపు ప్రతి ముప్పావు గంటకి ఒకసారి పగలు పోయి రాత్రి, రాత్రి పోయి పగలు. మన తెలుగు మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి 2022 మార్చిలో రెండుసార్లు స్పేస్‌వాక్ చేశారు. ఆయన తండ్రి శ్రీనివాస్ చారి చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. ఒక్కో స్పేస్‌వాక్ దాదాపు 7 గంటలు. ఆ 7 గంటల్లో ఎన్ని రాత్రులు వచ్చి పోతాయో లెక్క వేసుకోండి. ఆ చీకట్లో పని చేయాలంటే లైటు కావాలి. ఆ లైట్లు హెల్మెట్‌కి రెండు పక్కలా బయట ఉంటాయి. చేతుల మీద, బోల్టుల మీద పడతాయి. ముఖం మీద కాదు. ఎండ వచ్చినప్పుడు పైన బంగారు పూత ఉన్న అద్దం కిందికి దించుకుంటారు. అప్పుడు లోపల ఎవరున్నారో బయటివాళ్లకి అసలు కనిపించదు. కనిపించాల్సిన అవసరం కూడా లేదు.

నిజం హెల్మెట్‌లో వాళ్లు భయపడేది వేరేవాటికి. 1966 జూన్‌లో జెమిని 9 మిషన్‌లో యూజీన్ సెర్నన్ బయటికి వచ్చి పని చేస్తుంటే, చెమటకి, ఊపిరికి అద్దం అంతా మసకబారిపోయింది. దాదాపు గుడ్డివాడిలా తడుముకుంటూ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. 2013 జూలైలో లూకా పర్మిటానో హెల్మెట్‌లోకి నీళ్లు చేరి ముక్కు, కళ్ల దాకా వచ్చాయి. అంతరిక్షంలో ఉండి నీళ్లలో మునిగిపోయే పరిస్థితి. 2022లో రాజాచారి రెండో స్పేస్‌వాక్‌లో ఆయనతో పాటు వెళ్లిన మథియాస్ మౌరర్ హెల్మెట్‌లో కూడా, లోపలికి వచ్చాక చూస్తే తడి కనిపించింది. అంటే హెల్మెట్ చరిత్ర అంటే గాలి, చెమట, నీళ్ల చరిత్ర.

ఇప్పుడు సినిమాకి వద్దాం. సినిమావాళ్లకి సమస్య పూర్తిగా తిరగబడుతుంది. కోట్లు పెట్టి పెట్టుకున్న హీరో ముఖం కనిపించకపోతే ఎట్లా? మన తెలుగులో 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం' తీసినా, హాలీవుడ్‌లో ఎవరు తీసినా, ఇది అందరికీ ఎదురయ్యే సమస్యే. 2012లో వచ్చిన రిడ్లీ స్కాట్ సినిమా 'ప్రొమీథియస్' కోసం చేసిన హెల్మెట్లలో లోపల లైట్లు పెట్టారు, చిన్న చిన్న స్క్రీన్లు పెట్టారు, గాలి కోసం రెండు ఫ్యాన్లు, వాటికి బ్యాటరీలు పెట్టారు. ఫ్యాన్లు ఎందుకంటే, 1979లో అదే దర్శకుడు తీసిన 'ఏలియన్' స్పేస్ సూట్లలో గాలి ఆడక నటులు తట్టుకోలేకపోయారు. అంటే సెర్నన్ బాధే, ఈసారి స్టూడియోలో.

కాబట్టి మా పిల్లగాడికి జవాబు ఇది. లోపలి లైటు తొడుక్కున్నవాడి కోసం కాదు. చూసేవాడి కోసం.

ఇక్కడే నాకు మన జిల్లా గుర్తొచ్చింది. బాన్సువాడ 2016లో కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది గానీ, అంతకుముందు మాది నిజామాబాద్ జిల్లానే. ఆ జిల్లా చిందు యక్షగానానికి పెట్టింది పేరు. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ గారిది ఈ జిల్లానే. హెల్మెట్ ఎపిసోడ్‌లో యక్షగానం ఎందుకు అంటారా? కిరీటం కూడా తలకి తొడుక్కునేదే. దాని సమస్య కూడా వెలుగే.

ఒక్కసారి ఊహించుకోండి. కరెంటు లేని ఊరు. రాత్రి. బయలు. రెండో మూడో కాగడాలు, వాటిని పట్టుకుని నిలబడే రజకులు. ఎక్కడో వెనక కూర్చున్న ముసలాయనకి కూడా వచ్చింది హిరణ్యకశిపుడని తెలియాలి, ఆ ముఖంలో కోపం కనిపించాలి. ఇది అచ్చం సినిమా హెల్మెట్ సమస్యే. ఎల్‌ఈడీలు లేవు, బ్యాటరీ లేదు. మరి ఏం చేశారు?

మొదటిది బరువు. తెల్లవార్లూ ఆడాలి, గెంతాలి. అందుకే యక్షగాన కిరీటాలకి, భుజకీర్తులకి పొనికి లాంటి తేలిక కర్ర వాడారు. నిర్మల్ బొమ్మలు చేసేది కూడా ఆ పొనికి కర్రతోనే. నేను ఫోమ్ షీట్ ఎందుకు ఎంచుకున్నానో, వాళ్లు పొనికి కూడా అందుకే ఎంచుకున్నారు.

రెండోది వెలుగు. కర్ర మీద రంగు కాగితాలు, అద్దం ముక్కలు అతికించారు. అద్దం తనంతట తాను వెలగదు. కానీ చిన్న చిన్న ముక్కలు తలా ఒక కోణంలో ఉంటే, తల కదిలిన ప్రతిసారీ ఒక్కో ముక్క కాగడా వెలుగుని పట్టి ఒక్కో వైపు విసురుతుంది. మనం ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి మెరవడానికి ఆర్డుయినోలో కోడ్ రాస్తాం. వాళ్లకి చిందు వెయ్యడమే కోడ్.

మూడోది ముఖం. అర్దళం అనే పసుపు రంగు రాసేవారు. కాగడా మంట కూడా పసుపే కాబట్టి ఆ ముఖం చీకట్లో నిలబడుతుంది. నాలుగోది ఎఫెక్ట్. రాక్షస పాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేస్తుంది, ఆ క్షణంలో కిరీటంలోని అద్దాలన్నీ ఒకేసారి మెరుస్తాయి. ఇది ప్లాన్ చేసిన లైటింగ్ కాదంటే నేను ఒప్పుకోను.

ఇందులో ఇంకో మాట ఉంది, అది టెక్నాలజీ కన్నా పెద్దది. చిందువాళ్లు మాదిగలకి ఆశ్రిత కులం. వాళ్ల ఇళ్ల మీద ఆధారపడి ఊరూరూ తిరిగి భాగవతం, భారతం కథలు ఆడేవారు, జాంబపురాణం చెప్పేవారు. పగలు అంటరానితనం వాళ్లని ఊరి అంచున నిలబెట్టింది. రాత్రి కిరీటం పెట్టుకుని వెలుగులోకి వస్తే అదే ఊరు కళ్లార్పకుండా చూసింది. లైటు చూసేవాడి కోసం అని ఇందాక అన్నాను కదా. ఎవరిని చూడాలో కూడా ఆ లైటే నిర్ణయిస్తుంది. సినిమా హీరోకి ముఖం కనిపించడం బిజినెస్. వీళ్లకి అది గౌరవం.

2024లో జనగామ జిల్లాకి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో లైటింగ్, వేరబుల్స్ గురించి మాట్లాడేటప్పుడు ఈ కిరీటం పేరు ఎత్తగా నేనైతే వినలేదు. జానపదం అని ఒక డబ్బాలో పెట్టేశాం. టెక్నాలజీ అంటే బయటి నుంచి పార్సిల్‌లో రావాలన్నట్టు.

సరే, ఇప్పుడు నా హెల్మెట్. మొదట వేసుకున్న లెక్క: 30 ఎల్‌ఈడీల స్ట్రిప్, 5 వోల్టులు. ఒక్కో ఎల్‌ఈడీ ఫుల్ తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మొత్తం 1.8 ఆంపియర్లు, అంటే 9 వాట్లు. మూసిన హెల్మెట్‌లో ముఖం పక్కన 9 వాట్లంటే వేడి, చెమట, సెర్నన్ కథ మళ్లీ. కిరీటం గురించి చదివాక డిజైన్ మార్చాను. 12 ఎల్‌ఈడీలే గడ్డం కింద, కణతల దగ్గర పెడుతున్నాను. ఫుల్‌లో కూడా 3.6 వాట్లు మించదు. కళ్లలో నేరుగా పడకుండా పైన బటర్ పేపర్ పొర. అంచు చుట్టూ పగలని అక్రిలిక్ అద్దం ముక్కలు, తలా ఒక కోణంలో. వెనక చిన్న 5 వోల్టుల ఫ్యాన్. పవర్ బ్యాంక్ తలలో కాదు, నడుముకి. లిథియం బ్యాటరీని చెవి పక్కన పెట్టుకోవద్దు, ఇది చేసే పిల్లలందరికీ చెప్తున్నా. ఇది తొడుక్కుని బండి నడపొద్దు, చీకట్లో మెట్లు దిగొద్దు. కారణం మీకు ఇప్పటికే తెలుసు, బస్సు డ్రైవర్ చెప్పాడు.

హెల్మెట్ పూర్తయ్యాక లోపలి పట్టీ మీద రెండు మాటలు రాస్తాను. ఆకారం ఏ సినిమా నుంచి తీసుకున్నానో ఒకటి. అద్దాల ఐడియా చిందు కిరీటం నుంచి వచ్చిందని ఇంకొకటి. మీ ఊళ్లో పాత కిరీటం ఎవరి ఇంట్లోనైనా ఉంటే, వాళ్లని అడిగి, దగ్గరగా చూడండి. ఏ ముక్క ఏ కోణంలో ఉందో గమనించండి. చేసినవాళ్లు ఎవరో తెలిస్తే ఆ పేరు రాసి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోమ్ కటింగ్, వైరింగ్ చూద్దాం. అంతవరకు సెలవు, నమస్తే.