ఫ్యాక్టరీ గోడ మీది సర్టిఫికెట్ - దాని సైనిక మూలాలు



మనలో చాలామంది పెన్షన్ వచ్చాక ఏదో ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీలోనో, స్టోర్స్‌లోనో చేరతాం. ఆఫీసులో అడుగు పెట్టగానే గోడ మీద అద్దాల ఫ్రేముల్లో ‘ఐఎస్ఓ 9001’, దాని పక్కన ‘ఐఎస్ఓ 14001’ కనిపిస్తాయి. మొదటిది నాణ్యతకు, రెండోది పర్యావరణానికి సంబంధించినది. ఇదంతా సివిల్ వాళ్ళ వ్యవహారం అని నేనూ మొదట్లో అనుకున్నాను. చదివి చూస్తే, నాణ్యత సర్టిఫికెట్‌కు పుట్టిల్లు సైన్యమే అని తెలిసింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. తూటా మంచిదో కాదో తేలాలంటే పేల్చి చూడాలి. పేల్చాక అది మిగలదు. అందుకే ఒక లాట్‌లోంచి కొన్ని నమూనాలు తీసి పరీక్షించి, మిగతా వాటి సంగతి లెక్కగట్టే పద్ధతి వచ్చింది. ఈ లెక్కలకు 1924లో అమెరికాలోని బెల్ కంపెనీలో షూహార్ట్ అనే ఇంజనీరు పునాది వేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధాల తయారీకి అవి బాగా పనికొచ్చాయి.

లాట్ నంబరు విలువ నేను ఫైరింగ్ రేంజిలో తెలుసుకున్నాను. ఒకసారి వరుసగా కొన్ని రౌండ్లు మిస్‌ఫైర్ అయ్యాయి. ఆఫీసర్ సాబ్ వెంటనే ఫైరింగ్ ఆపించారు. పెట్టె మీది లాట్ నంబరు రాసుకుని రిపోర్టు పంపాం. ఆ లాట్ పెట్టెలన్నీ విడిగా పెట్టేశాం. ఆ నంబరే లేకపోతే ఏ పెట్టెను నమ్మాలో, దేన్ని నమ్మకూడదో ఎవరికీ తెలిసేది కాదు.

కానీ చివర్లో నమూనా చూస్తే సరిపోదని సైన్యాలకు అనుభవం నేర్పింది. 1959లో అమెరికా రక్షణ శాఖ ‘మిల్-క్యూ-9858’ అనే ప్రమాణం తెచ్చింది. సరుకు ఒక్కటే కాదు, సరుకు తయారయ్యే పద్ధతి కూడా చూపించమంది. కొలిచే పరికరాలు సరిగా ఉన్నాయా? పనికిరాని సరుకును ఎక్కడ పెడుతున్నారు? రికార్డు ఎవరు రాస్తున్నారు? ఇవీ ప్రశ్నలు. 1968లో నాటో దేశాలు ఇదే దారిలో తమ ప్రమాణాలు రాసుకున్నాయి. 1979లో బ్రిటన్ ‘బి.ఎస్. 5750’ పేరుతో దీన్ని మామూలు పరిశ్రమలకు అందించింది. దాని ఆధారంగానే 1987లో ఐఎస్ఓ 9000 ప్రమాణాలు వచ్చాయి.

అప్పట్లో సర్టిఫికెట్లు మూడు రకాలు. డిజైన్ నుంచి సర్వీసింగ్ దాకా చేసేవారికి 9001, తయారీ, బిగింపు చేసేవారికి 9002, చివరి తనిఖీకి మాత్రమే 9003. 2000లో మూడూ కలిసి 9001 ఒక్కటే మిగిలింది. విమాన భాగాలకు ‘ఏఎస్ 9100’, మోటారు వాహనాల భాగాలకు ‘ఐఏటీఎఫ్ 16949’ అని దాని మీదే కట్టిన వేరే ప్రమాణాలున్నాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఐఎస్ఓ సంస్థ తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. వేరే సంస్థలు వచ్చి ఆడిట్ చేసి ఇస్తాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన చోట స్టోర్స్‌లోని తూకం మిషన్‌ను నెలనెలా తూకపురాళ్ళతో సరిచూసి రిజిస్టరులో రాయాలి. పని ఒత్తిడిలో మూడు నెలలు ఎవరూ చూడలేదు. ఆడిట్‌కు ముందు రోజు రాత్రి మూడు నెలల ఎంట్రీలూ ఒకేసారి రాసేశారు. “సుబేదార్ గారూ, మీ సంతకం ఒక్కటే బాకీ” అన్నాడొక కుర్రాడు. పెట్టేశాను. ఆడిట్ సాఫీగా అయిపోయింది. మరుసటి నెలలోనే తూకం తక్కువుందని ఒక పార్టీ సరుకు తిప్పి పంపింది. చూస్తే మిషనే తప్పు చూపిస్తోంది. ఎప్పటి నుంచి? చెప్పే ఆధారం లేదు. రిజిస్టరులో అంతా బాగానే ఉంది, కింద నా సంతకం ఉంది. రేంజిలో లాట్ నంబరు రాసిన చెయ్యే ఈ సంతకమూ పెట్టింది. మేనేజరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ ప్రతి నెలా ఒకటో తారీఖున మిషన్ దగ్గర నిలబడి చూశాకే సంతకం పెట్టాను.

మా దగ్గర పోయింది డబ్బే. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో పోయినవి ప్రాణాలు. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో విషరసాయనాన్ని చల్లగా ఉంచే యంత్రం, లీకైతే శుద్ధి చేసే పరికరం, కాల్చేసే గొట్టం అన్నీ ఉన్నాయి. ఒకటి ఆపేశారు, ఒకటి సిద్ధంగా లేదు, ఒకటి రిపేరులో ఉంది. వేలమంది చనిపోయారు. అక్కడున్న మన సైనికులు బాధితులను ఆసుపత్రులకు చేర్చారు.

ఆ తర్వాత 1986లో మన దేశంలో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1992లో రియోలో ప్రపంచ దేశాల సదస్సు జరిగింది. అదే ఏడాది బ్రిటన్ ‘బి.ఎస్. 7750’ తెచ్చింది, 1996లో ఐఎస్ఓ 14001 వచ్చింది. ఎంత పొగ, ఎంత మురికినీరు వదలొచ్చో ఇది చెప్పదు. ఆ హద్దులు చట్టానివి. మన పనివల్ల గాలికి, నీటికి, నేలకు ఏం హాని జరుగుతుందో ముందే గుర్తించడం, తగ్గించే ప్లాను వేయడం, చేయడం, సరిచూడడం, దిద్దుకోవడం ఇందులో ఉంటాయి.

ఈ పనిలోనూ మన సైన్యం వెనకబడలేదు. 1982లోనే ప్రాదేశిక సేనలో పర్యావరణ బెటాలియన్ ఏర్పడింది. సున్నపురాయి తవ్వకాలతో బోడులైన ముస్సోరీ కొండల మీద మాజీ సైనికులు మొక్కలు నాటి పచ్చదనం తెచ్చారు.

సోదరులారా, మనం ఏ ఫ్యాక్టరీలో చేరినా ఒకనాడు ఎవరో ఒకరు రిజిస్టరు తెచ్చి సంతకం అడుగుతారు. ముందు వెళ్ళి మిషన్ చూడండి. తర్వాతే పెన్ను తీయండి.

జై హింద్.