‘ఏంజెలా ఉన్నారా?’ అని అడిగితే చాలు.. బ్రిటన్ పబ్బుల్లో ఈ సీక్రెట్ కోడ్ ఏంటి? నిజంగా పనిచేస్తుందా?

పబ్‌కి వెళ్లారు. పక్కనున్న వ్యక్తి తీరు తేడాగా ఉంది. గట్టిగా అరవలేరు. ఫోన్ తీస్తే అతను చూస్తాడు. అలాంటప్పుడు నేరుగా కౌంటర్ దగ్గరికెళ్లి ‘ఏంజెలా ఉన్నారా?’ అని అడిగితే చాలు. మీరు ఇబ్బందిలో ఉన్నారని స్టాఫ్‌కి అర్థమైపోవాలి. ఇదే బ్రిటన్‌లో బాగా పాపులర్ అయిన ‘ఆస్క్ ఫర్ ఏంజెలా’ స్కీమ్. ఏటా వేల మంది తెలుగు స్టూడెంట్స్ బ్రిటన్ వెళ్తున్నారు. అందుకే దీని గురించి మనవాళ్లు కూడా తెలుసుకోవాలి.

ఎక్కడ మొదలైంది?

2016లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ కౌంటీలో మొదలైంది. డేట్‌కి వచ్చిన వ్యక్తితో భయంగా అనిపిస్తే ఏం చేయాలో చెప్పే పోస్టర్లను బార్ల టాయిలెట్లలో అతికించారు. అవి సోషల్ మీడియాలో వైరల్ కావడంతో స్కీమ్ దేశమంతా పాకింది. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసులు కూడా దీన్ని ప్రచారం చేస్తున్నారు. ‘ఏంజెలా’ అనే పేరులో ‘ఏంజెల్’ ఉంది, అంటే కాపాడే దేవత అన్నమాట. ఇది అమ్మాయిలకే కాదు, అబ్బాయిలు కూడా వాడుకోవచ్చు.

అడిగాక ఏం జరుగుతుంది?

ట్రైనింగ్ ఉన్న స్టాఫ్ అయితే ఎదురు ప్రశ్నలు వేయరు. ముందు మిమ్మల్ని పక్కకి, సేఫ్‌గా ఉండే చోటుకి తీసుకెళ్తారు. ఆ తర్వాత మీకేం కావాలో అడుగుతారు. ట్యాక్సీ బుక్ చేయడం, ఫ్రెండ్‌కి ఫోన్ చేయడం, ఇబ్బంది పెట్టిన వ్యక్తిని బయటికి పంపడం, అవసరమైతే పోలీసుల్ని పిలవడం.. ఇవన్నీ వాళ్ల పనే.

వేరే దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. జర్మనీలో 2016 చివర్లో మ్యూన్‌స్టర్ నగరంలో ‘లూయిజా’ పేరుతో మొదలుపెట్టారు. అమెరికాలో కొన్ని బార్లలో ‘ఏంజెల్ షాట్’ ఆర్డర్ చేయడమే కోడ్.

అసలు సమస్య ఇక్కడే!

గోడ మీద పోస్టర్ ఉంటుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లకి దాని అర్థం తెలియకపోతే? 2024లో బీబీసీ సీక్రెట్‌గా చెక్ చేసింది. ఈ స్కీమ్‌లో ఉన్నామని చెప్పుకునే 25 లండన్ పబ్బులు, బార్లకి వెళ్లి కోడ్ చెబితే, 13 చోట్ల స్టాఫ్ సరిగా స్పందించలేదు. అంటే సగానికి పైగా ఫెయిల్!

కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఈ ఉద్యోగాల్లో పార్ట్‌టైమ్ వాళ్లే ఎక్కువ. ఈ నెల ఉన్నవాళ్లు వచ్చే నెల ఉండరు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ నేర్పితేనే కోడ్ పనిచేస్తుంది. పోస్టర్ అతికించి వదిలేస్తే అది ఉత్త కాగితమే. పైగా సాయం అడిగిన మనిషికి ‘ఏంజెలానా? ఆవిడెవరు?’ అని గట్టిగా సమాధానం వస్తే పక్కనున్న వ్యక్తికి విషయం తెలిసిపోయే ప్రమాదం కూడా ఉంది. పార్ట్‌టైమ్‌గా పబ్బుల్లో పనిచేస్తున్న మన స్టూడెంట్స్ కూడా చేరిన రోజే దీని గురించి మేనేజర్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.

కోడ్ అర్థం కాకపోతే?

• ఆగిపోవద్దు. ‘నాకు భయంగా ఉంది, హెల్ప్ చేయండి’ అని సూటిగా చెప్పండి. మేనేజర్‌ని అడగండి.
• గేటు దగ్గరుండే సెక్యూరిటీ వాళ్లకి చెప్పండి. బ్రిటన్‌లో ఈ పనికి లైసెన్స్ తప్పనిసరి.
• ప్రమాదమైతే 999కి కాల్ చేయండి. మాట్లాడలేని పరిస్థితిలో ఉంటే మొబైల్‌లో, అడిగినప్పుడు 55 నొక్కాలి. కాల్ పోలీసులకి వెళ్తుంది. అయితే 55 నొక్కినంత మాత్రాన మీరెక్కడున్నారో వాళ్లకి తెలియదు. కాబట్టి వాళ్లు అడిగేవాటికి దగ్గడం, కీ నొక్కడం లాంటి సంకేతాలతో అయినా జవాబివ్వండి.
• డ్రింక్‌లో ఏదైనా కలిపారని అనుమానమా? వెంటనే స్టాఫ్‌కి చెప్పండి, నమ్మకమైన ఫ్రెండ్‌ని వదలొద్దు. కొన్ని డ్రగ్స్ ఒంట్లో ఎక్కువసేపు నిలవవు కాబట్టి టెస్ట్ విషయంలో ఆలస్యం వద్దు. లైంగిక ఉద్దేశంతో ఇలా కలిపితే అక్కడి 2003 చట్టం ప్రకారం పదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

మరి మన దగ్గర?

హైదరాబాద్, వైజాగ్, విజయవాడ.. ఎక్కడైనా ఎమర్జెన్సీకి 112, మహిళల హెల్ప్‌లైన్‌కి 181. హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. పబ్‌కి వెళ్లేటప్పుడు ఎక్కడికెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఇంట్లోనో ఫ్రెండ్‌కో చెప్పి లైవ్ లొకేషన్ షేర్ చేయండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వేధింపు జరిగితే తప్పు వేధించినవాళ్లదే, బయటికి వెళ్లినవాళ్లది కాదు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి ‘ఏంజెలా ఉన్నారా?’ అని అడిగితే నవ్వేయకండి. వాళ్లు అడుగుతున్నది సాయం.